డ్యూటీ బండి ఇవ్వనన్నది నేను

మా వ్యాపారుల సంఘం ఏటా దసరాకు తెచ్చే సంచికలో చివరి రెండు పేజీలు నావి. వ్యాపారంలో పైకి రావాలంటే ఎలాంటి అలవాట్లు ఉండాలో, మనసును ఎలా దిటవు చేసుకోవాలో రాస్తుంటాను. పొద్దున్నే షాపు తెరవడం, చెప్పిన టైముకు పని అప్పగించడం, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడడం, ఇలాంటివి. ఈసారి కూడా అవే రాసిమ్మన్నారు. నేను వేరే సంగతి రాస్తున్నాను. చదివాక నా గురించి మీరేమనుకున్నా సరే. మా బావ గురించి ఇన్నేళ్లుగా మీరు అనుకుంటున్నది మాత్రం మార్చుకోండి. అందుకోసమే ఇది.

డ్యూటీ బండి కథ మీలో చాలామంది నా నోటే విన్నారు. గోదావరిఖనిలో చెప్పాను, జ్యోతినగర్‌లో చెప్పాను, పెద్దపల్లిలో మైకు పట్టుకొని చెప్పాను. విననివాళ్ల కోసం అది ఇలా ఉంటుంది. గనికి పోయే దారిలో నాకూ మా బావకూ కలిపి మోటార్ సైకిళ్ల రిపేరు షెడ్డు ఉండేది. ఒకరోజు పొద్దున ఒక బదిలీ కార్మికుడు ఆగిపోయిన బండిని తోసుకుంటూ వచ్చాడు. ఫస్ట్ షిఫ్టుకు టైమవుతోంది. మా దగ్గర ఒక పాత మోపెడ్ ఉంది. బావ ఇవ్వనన్నాడు. నేను బావతో కొట్లాడి, తాళం తీసి ఆ కార్మికుడి చేతిలో పెట్టాను. ఆ నమ్మకం మీదే ఇవాళ్టి నా షోరూము నిలబడింది.

ఇందులో షెడ్డు నిజం, మోపెడ్ నిజం, ఆ కార్మికుడూ నిజమే. ఇవ్వనన్నది మాత్రం బావ కాదు, నేను.

బావ అంటే మా అక్క భర్త. పెద్దపల్లిలో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకొని వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చుంటే అక్కే నన్ను అక్కడికి తోలింది. "ఇంట్ల కూసొని గోడలు చూసుడెందుకు తమ్మీ, బావ కాడ కూసో. సామాన్లు గిట్ల చూస్కో" అంది. అలా నేను కౌంటరు వెనక కూర్చున్నాను.

బావను దేవుణ్ణి చేసి రాయబోవడం లేదు. మధ్యాహ్నం తిన్నాక షెడ్డు వెనక మంచం మీద ఒరిగాడంటే ఎవరొచ్చి పిలిచినా లేచేవాడు కాదు. సాయంత్రం ఇస్తానన్న బండి మర్నాటికీ విప్పి ఉండేది. ఎవరైనా తొందరపెడితే, "ఇదేమన్న దోసెనా, ఇట్లేసి అట్ల తీసియ్యనీకి?" అని కసిరేవాడు. చెప్పిన టైముకు బండి ఇవ్వడం ఆ షెడ్డుకు నేను తెచ్చిన అలవాటే. కావలసిన సామాను ముందే తెచ్చి పెట్టుకోవడం కూడా నాదే. నాది కానిదేదో చెప్పేముందు నాదేదో కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర గని హాజరును మస్టర్ అంటారు. షిఫ్టు టైము దాటిపోతే మస్టర్ పడదు, ఆ రోజు పోయినట్టే. బదిలీ కార్మికులకు, అంటే రానివాళ్ల బదులు పనిలోకి తీసుకునేవాళ్లకు, అది ఇంకా పెద్ద సంగతి. వాళ్లకు రోజూ పని దొరకదు. దొరికిన రోజు మస్టర్ పడాలి. అలా పడగా పడగా ఎప్పటికో పర్మనెంట్ అయ్యే ఆశ. అందుకే గని దారిలో పొద్దున పూట బండి ఆగిపోయినవాడి ముఖం చూస్తే, ఇంట్లో ఎవరికో పాణం బాగలేదనుకుంటారు.

ఒక వానాకాలం పొద్దున అలాంటి ముఖంతో ఒకాయన వచ్చాడు. గొలుసు తెగి చక్రంలో చుట్టుకుపోయింది.

"అన్నా, జల్ది చూడే. మస్టర్ పోతది."

బావ వంగి చూశాడు. "ఇది ఇప్పుడు అయ్యేది కాదు. నా బండి తీస్కపో."

ఆయన నమ్మలేదు. బావ జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో కుక్కాడు. ఆయన వెళ్లిపోయాక నేను బావ మీదికి లేచాను.

"ఎవలో ఏందో తెల్వదు, పేరన్న అడగకపోతివి. బండి తీస్కొని అటే పోతే?"

"పోనీ బామ్మర్దీ. వానిది కొత్త బండి, మనది డొక్కు. వాడు తిరిగి రాకపోతె మనకే ఫాయిదా" అని నవ్వుతూ గొలుసు విప్పడానికి కూర్చున్నాడు.

షిఫ్టు దిగాక ఆయన వచ్చాడు. మా బండిని తుడిచి మరీ తెచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు బావ పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ఒక మోపెడ్ తీసుకొని, బాగుచేసి, షెడ్డు ముందు పెట్టాడు. బండి చెడి డ్యూటీకి పోలేకపోయే ఎవరైనా సరే, అది తీసుకొని పోవచ్చు. తాళం తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, ఇది బావ పెట్టిన పద్ధతి. పెట్రోలు ఆయనే పోసేవాడు. అక్క పసుపు రంగు డబ్బా తెచ్చి ట్యాంకు మీద 'డ్యూటీ బండి' అని రాసింది. 'బండి'లో సున్న మరీ పెద్దదై కోడిగుడ్డులా వచ్చింది.

"నీ తమ్మునికి పొద్దున పెట్టే గుడ్డంత ఉన్నది గదనే" అన్నాడు బావ.

"మా తమ్మునికి పెడితె నీ కండ్లు మండుతయా?" అంది అక్క, కుంచె ఆయన చొక్కాకు తుడిచి.

నాకు మాత్రం ఆ మేకు మీది తాళం ఎప్పుడూ కంట్లో నలుసులా ఉండేది. ఇంత కష్టపడి షెడ్డును ఒక దారికి తెస్తుంటే ఈయన ఊరికే పంచిపెడుతున్నాడనిపించేది. ఒకసారి ఒకాయన తీసుకుపోయిన బండి ఆ రోజు తిరిగి రాలేదు. మర్నాడు వచ్చి, గనిలోంచి పైకి రాగానే భార్యను దవాఖానకు తీసుకుపోవలసి వచ్చిందనీ, కొడుకు పుట్టాడనీ చెప్పి మిఠాయి డబ్బా ఇచ్చాడు. బావ మిఠాయి తిన్నాడు. నేను అదే సాకుగా తీసుకొని తాళం మేకు మీంచి తీసి నా డ్రాయర్లో పెట్టుకున్నాను. "ఇకమీద నేనే ఇస్త" అన్నాను.

"సరే, నీ ఇష్టం. ఇయ్యి కానీ, అడగకు" అన్నాడు బావ.

ఇక నేను మార్చి చెప్పిన రోజు సంగతి. బావ మొదటి బస్సుకే సామాన్ల కోసం కరీంనగర్ పోయాడు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకాయన బండి తోసుకుంటూ వచ్చాడు. భుజానికి టిఫిన్ సంచి, నీళ్ల డబ్బా. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. బదిలీ మీద పోతున్నానని, చాలా రోజులకు ఇవాళ పని దొరికిందని చెప్పాడు. మోపెడ్ నా వెనకే ఉంది. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది.

"బండి ఖరాబైంది" అన్నాను.

ఆయన నా భుజం మీదుగా చూశాడు. "గదే గదన్నా?"

"ఇంజన్ పట్టేసింది."

ఆయన తన బండిని అక్కడే స్టాండు వేసి పరుగెత్తాడు. టిఫిన్ సంచి నడుముకు కొట్టుకుంటుంటే దాన్ని ఒక చేత్తో పట్టుకొని పరుగెత్తాడు. ఆయన ఇంకా మలుపు తిరగకముందే షిఫ్టు సైరన్ మోగింది. సైరన్ విని ఆయన ఆగలేదు, పరుగు నడక అయింది, అంతే.

ఎందుకు ఇవ్వలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆయనతో నాకు పగ లేదు. బండితో అవసరమూ లేదు. తాళం నా దగ్గర ఉందని, ఇవ్వడమూ మానడమూ నా చేతిలో ఉందని ఒక్కసారి చూసుకోవాలనిపించింది. ఇంతకంటే పెద్ద కారణం దొరికితే బాగుండునని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు.

మధ్యాహ్నం ఆయన తన బండి కోసం వచ్చేసరికి బావ తిరిగొచ్చి ఉన్నాడు. మస్టర్ పడలేదని బావకు చెప్పాడు. 'మీ బండి కూడా ఖరాబైందట గదన్నా' అన్నాడు, నా మీద చాడీలా కాకుండా మామూలుగానే. బావ నా వైపు చూశాడు. ఆ కార్మికుడి ముందు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన వెళ్లిపోయాక చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఇయ్యనంటె ఇయ్యనని చెప్పాలె. ఉన్న బండిని లేదంటివి. వాడు మల్ల ఎవల్ని నమ్మాలె?"

ఆ రోజు మధ్యాహ్నం బావ పడుకోలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మనిషికి ఫస్ట్ షిఫ్టు పడ్డప్పుడల్లా బావే ఇంటికి పోయి ఎక్కించుకొని గని గేటు దగ్గర దింపి వచ్చేవాడు. తర్వాతెప్పుడో ఆయన పర్మనెంట్ అయ్యాడని బావే చెప్పాడు. ఆ మాట విని నాకు బరువు దిగినట్టయింది, ఆ బరువు దించడంలో నా పని ఏమీ లేకపోయినా.

తర్వాత రోడ్డు వెడల్పు చేయడంతో మా షెడ్డు పోయింది. బావ రామగిరి మండలంలో, సెంటినరీ కాలనీ దగ్గర చిన్న షెడ్డు వేసుకున్నాడు. నేను ఇక్కడే ఉండి, ఒక కంపెనీ బండ్ల షోరూము తెచ్చుకున్నాను. మొదటి నెలల్లో నా షోరూముకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది గని కార్మికులు. గుమ్మంలో నిలబడి, "డ్యూటీ బండి షాపు మీదేనా?" అని అడిగేవారు. నేను అవుననేవాణ్ణి. మోపెడ్‌ను బావ నాకే వదిలేశాడు. దాన్ని నేను షోరూములో అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన నా ఫొటో పెట్టి, 'మా తొలి అడుగు' అని బోర్డు రాయించాను.

కథ ఎలా మారిందో కూడా చెప్పాలి. మొదటిసారి ఒక కాలేజీలో మాట్లాడమని పిలిచారు. 'మేము' అనే చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "ఈ ఆలోచన ఎవరిది సార్?" అని అడిగింది. అందరూ నా వైపు చూస్తున్నారు. "నాదే" అన్నాను. ఆ మాట నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చింది. మరోచోట చెప్పేటప్పుడు కథ చప్పగా ఉందనిపించింది. ఎవరో ఒకరు వద్దనాలి కదా. బావ గొంతు అనుకరించి, "ఎవలో ఏందో తెల్వదు, బండి తీస్కొని అటే పోతే?" అన్నాను. అవి నా మాటలే. హాలంతా నవ్వింది. ఆ నవ్వుకు అలవాటు పడ్డాను. పేరు చెప్పడం లేదు కదా అనుకున్నాను. ఈ ఊళ్లో నాకు ఎందరు బావలున్నారని?

ఇప్పుడు దీని వల్ల ఎవరికి ఏమైందో చెబుతాను. మా అక్క కూతురు పాలిటెక్నిక్ చదివింది. కరెంటు స్కూటర్ల పని నేర్చుకుంది. బస్టాండు దారిలో మన సంఘానికి ఒక షెడ్డు ఉంది కదా, కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు తక్కువ అద్దెకు ఇచ్చేది. దానికి అర్జీ పెట్టుకుంది. నేను కమిటీలో ఉన్నాను కాబట్టి నాకు చెప్పలేదు. మామ వల్ల వచ్చిందనిపించుకోవడం ఆ పిల్లకు ఇష్టం లేదు.

ఆ రోజు కమిటీలో టీలు తాగుతూ అర్జీలు చూస్తున్నాం. అధ్యక్షుడు ఆ పిల్ల అర్జీ తీశాడు.

"ఈ పిల్ల ఎవల బిడ్డ? రామగిరి దిక్కు అడ్రసున్నది."

"అన్న మేనకోడలే" అన్నాడు పక్కనున్న బట్టల షాపాయన, నన్ను చూపించి.

"అంటె... గా బండి ఇయ్యనన్న బావ బిడ్డనా?" అధ్యక్షుడు కళ్లద్దాలు తీశాడు. "అన్నా, నీ కథల విలన్ ఆయనే గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది, కానీ నవ్వాను.

"ఇంట్ల ఏది చూస్తె పిల్లలు అదే నేర్చుకుంటరు" అన్నాడు బట్టల షాపాయన. "కస్టమరొస్తె కసిరే ఇల్లు. షెడ్డు మూడు నెలలల్ల మూతపడ్తది."

అందరూ నా వైపు తిరిగారు. ఒక్క వాక్యం చాలు. బండి ఇవ్వనన్నది నేను, ఇమ్మన్నది ఆ పిల్ల తండ్రి. ఆ ఒక్క వాక్యం చెబితే అద్దాల పెట్టె ఎందుకు, బోర్డు ఎందుకు, కాలేజీల్లో శాలువలెందుకు అని అడుగుతారు.

"పిల్లయితే మంచిదే" అన్నాను.

పిల్ల మంచిదేగానీ తండ్రే కాదని వాళ్లు అర్థం చేసుకున్నారు. షెడ్డు వేరే అబ్బాయికి పోయింది. సాయంత్రం అక్క ఫోన్ చేస్తే, "పోటీ ఎక్కువున్నదక్కా" అన్నాను.

వారం తిరక్కుండా అక్క షోరూముకు వచ్చింది. కమిటీలో అన్న మాటలు ఎవరి ఇంట్లోంచో ఆమెకు చేరాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. నేరుగా అద్దాల పెట్టె దగ్గరికి పోయి, ట్యాంకు మీద అక్షరాలు చూసింది.

"ఈ సున్న ఎవలు రాసిన్రు తమ్మీ?"

"నువ్వే అక్కా."

"మరి బండి ఇయ్యనన్నది ఎవలు?"

నా షోరూములో పనిచేసేవాళ్లందరూ వింటున్నారు. 

"నువ్వు ఊరంత చెప్పుకుంట తిర్గితె మేమేమన్న అన్నమా? మీ బావనైతె నవ్విండు. 'నా బామ్మర్ది కథలు చెప్పి బతుకుతున్నడు, చెప్పుకోనియ్యే' అన్నడు. ఇప్పుడు పిల్ల కాడికి అచ్చింది. ఇప్పుడు కూడ నవ్వుమంటవా ఆయన్ని?"

ఆ నెల సర్వసభ్య సమావేశంలో నేను మైకు తీసుకొని మొత్తం చెప్పాను. ఇవ్వనన్నది నేనని చెప్పాను. ఇంజన్ పట్టేసిందని అబద్ధమాడానని, కమిటీలో నోరు విప్పలేదని చెప్పాను.   అయిపోయాక వెనక వరుసలోంచి ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడింది. సభ నడిపేవాడు నా చేతిలోంచి మైకు తీసుకొని, "తప్పు ఒప్పుకునే దమ్మున్నోడే అసలైన వ్యాపారి! తమ్ముళ్లూ, ఈ అలవాటు కూడ రాసుకోండ్రి" అన్నాడు. కుర్రాళ్లు నిజంగానే రాసుకున్నారు. అధ్యక్షుడు శాలువ కప్పాడు. షెడ్డు సంగతి మళ్లీ చూడమని ఆయన చెవిలో అడిగితే, "కాయితాలు అయిపాయె గదన్నా, వచ్చే ఏడు చూద్దాం తియ్" అని ఫొటో వైపు తిరిగి నవ్వాడు. బావ పేరు ఒక్కరూ ఎత్తలేదు.

ఆ శాలువ కారు వెనక సీట్లో పడేసి సెంటినరీ కాలనీకి పోయాను. బావ షెడ్డు పక్కన రేకుల కింద మా మేనకోడలు ఒక స్కూటరు అడుగుభాగం విప్పి కూర్చుంది. లేవలేదు.

"సభల చెప్పిన బిడ్డా. అంత చెప్పిన" అన్నాను.

"చూసిన మామా. వీడియో పెట్టిన్రు గద. చప్పట్లు మస్తుగ కొట్టిన్రు." స్క్రూ డ్రైవరు కింద పెట్టింది. "నువ్వు మంచిగ చెప్పినా హీరోవే, చెడ్డగ చెప్పినా హీరోవే. మా నాయిన మాత్రం ఆడ్నే ఉన్నడు."

"మరేం చెయ్యాలె?"

"మాట్లాడకు. రాసియ్యి. కాయితానికి శాలువ కప్పరు గద."

అందుకే రాస్తున్నాను. రాసింది పోయిన ఆదివారం తీసుకుపోయి వాళ్లింట్లో ఇచ్చాను. అక్క పైకి చదివింది. బావ మంచం మీద కూర్చొని, కాళ్లూపుతూ విన్నాడు. చివరిదాకా విని, "మధ్యాహ్నం పండుకున్న ముచ్చట తీసెయ్యి. పిల్ల దుకాణానికి అచ్చేటోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు.

"అది నిజమే గద" అంది అక్క.

"నిజమే. అన్ని నిజాలు ఒక్కనాడే రాయాల్నా?"

తీసెయ్యలేదు. ఒకటి తీసేస్తే మరొకటి తీసెయ్యాలనిపిస్తుందని నాకు భయం.

"నాకు చెప్పుడైంది, ఊరికి చెప్పుడైంది" అన్నాడు బావ. "గా మస్టర్ పోయిన మనిషికి చెప్పినవా?"

లేదు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. పేరు అడగకూడదన్న బావ పద్ధతి వెనక నేనే దాక్కున్నాను. బావకు ఇల్లు తెలుసు. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోపు పోయి వస్తాను. ఆయన ఏమన్నదీ మాత్రం ఎక్కడా చెప్పను, రాయను.

నిన్న పొద్దున బావ, మా మేనకోడలు ఒక ఆటో ట్రాలీ తీసుకొని షోరూముకు వచ్చారు. నేనే రమ్మన్నాను. అద్దాల పెట్టె విప్పించి మోపెడ్‌ను బయటికి దింపాం. బావ తాళం కోసం చెయ్యి చాపాడు. నేను నా బల్ల దగ్గరికి పోయి డ్రాయరు లాగి తాళం తీశాను.

"ఇంకా గా డ్రాయర్లనే పెట్టినవా?" అన్నాడు బావ.

ఆయన బండి స్టాండు వేసి, పెడల్ మీద బరువు వేసి తొక్కాడు. పెడల్ కదల్లేదు. మళ్లీ తొక్కాడు. ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఇన్నేళ్లు తిప్పకుండా అద్దాల్లో పెడితే ఏమవుతుందో ఆయనకు ముందే తెలుసు. అయినా మూడోసారి తొక్కి, నా వైపు చూసి నవ్వాడు.

"నువ్వన్నట్టే అయ్యింది బామ్మర్దీ. ఇంజన్ పట్టేసింది."

నాకు నవ్వు రాలేదు. బావ, నేను ముందూ వెనకా పట్టుకొని దాన్ని ట్రాలీలోకి ఎత్తాం. ఇంజన్ విప్పి చూస్తానని, కాకపోతే దానికి కరెంటు మోటారు బిగిస్తానని మా మేనకోడలు అంది. ఎలాగైనా తన రేకుల షెడ్డు ముందు అది నిలబడుతుందట, తాళం మేకు మీద ఉంటుందట.

సంఘం షెడ్డు మళ్లీ వచ్చే ఏడు అద్దెకిస్తారు. ఆ పిల్ల మళ్లీ అర్జీ పెడితే, ఆ రోజు నేను కమిటీ గదిలో ఉండను. మీరు మాత్రం అర్జీ మీద తండ్రి పేరు చూసి బండి ఎవరిచ్చారో గుర్తు చేసుకోండి.